విండోస్ 7 సిస్టమ్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ నడపాలంటే

పాలకొల్లు, తణుకు, అమలాపురం లాంటి ఊళ్లలో పెళ్లి పత్రికలు కొట్టే డీటీపీ షాపుల్లో విండోస్ 7 ఇంకా బతికే ఉంది. బద్ధకం వల్ల కాదు. అక్కడి పని అడోబ్ వాళ్ల పేజీలు తీర్చే ప్రోగ్రామ్ పేజీమేకర్ 7 మీద, అను అనే తెలుగు ఫాంట్ల మీద నడుస్తుంది. పేజీమేకర్ 7 వచ్చింది 2001లో, 2004 తర్వాత అడోబ్ దాన్ని ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ల పత్రికల నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి. రైస్ మిల్లు ధర్మకాటా దగ్గర మరో రకం చిక్కు. కాటా నుంచి తూకం సీరియల్ పోర్టులో వస్తుంది, రసీదు డాట్ మ్యాట్రిక్స్‌లో కొడుతుంది. మధ్యలో ఉన్న ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. అలాంటి సిస్టమ్‌ని కదిపితే పని ఆగిపోతుంది.

కాని అదే సిస్టమ్‌లో ఇవాళ్టి వెబ్‌సైట్లు తెరవాలి, కస్టమర్ పంపిన కొత్త ఫైలు చూడాలి. మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న విండోస్ 7కి మామూలు సపోర్ట్ ఆపేసింది. డబ్బు కట్టిన సంస్థలకిచ్చిన అదనపు అప్‌డేట్లు కూడా 2023 జనవరి 10తో అయిపోయాయి. ఆ మాటతో చాలామంది ఆశ వదిలేసుకుంటారు. నిజానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఆగేది సిస్టమ్ పాతదని కాదు, తనకి కావలసిన ఫలానా ముక్క అందులో లేక. అవతలి రేవుకి పంటు లేకపోతే లారీ ఎంత కొత్తదైనా ఇవతలి గట్టునే ఆగుతుంది కదండీ. ఏ ముక్క లేదో తెలిస్తే కొన్నింటిని తెచ్చి పెట్టొచ్చు, కొన్నింటికి పాత వెర్షన్‌తో సరిపెట్టుకోవచ్చు. ఈ రెండూ కుదరనివి తక్కువే.

కింద చెప్పేదంతా విండోస్ 7కే. ఎక్స్‌పీ సంగతి పూర్తిగా వేరు.

ముందు ఈ నాలుగూ చూడండి

డెస్క్‌టాప్ మీద కంప్యూటర్ ఐకాన్‌ని రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. పైన సర్వీస్ ప్యాక్ 1 అని ఉండాలి, అది మైక్రోసాఫ్ట్ విండోస్ 7కి ఇచ్చిన పెద్ద అప్‌డేట్ల మూట. లేకపోతే మిగతా పనులేవీ మొదలు పెట్టకుండా ముందు అది వేయాలి, దాని నంబరు కేబీ 976932 (మైక్రోసాఫ్ట్ ప్రతి అప్‌డేట్‌కీ ఇలా ఒక కేబీ నంబరు ఇస్తుంది). అదే పేజీలో సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్టో 64 బిట్టో ఉంటుంది. అది కాగితం మీద రాసుకోండి, ప్రతి ఫైలు దింపేటప్పుడూ కావాలి. ఫైళ్ల పేర్లలో 32 బిట్‌కి ఎక్స్86 అని, 64 బిట్‌కి ఎక్స్64 అని ఉంటుంది. ప్రాసెసర్ 64 బిట్‌ది అయినా లోపలి విండోస్ 32 బిట్‌ది అయితే లెక్కకి వచ్చేది విండోసే. పాత డీటీపీ సిస్టమ్స్‌లో 32 బిట్టే ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని 64కి మార్చాలంటే ఫార్మాట్ తప్ప దారి లేదు.

మూడోది ర్యామ్. 2 జీబీ ఉంటే బ్రౌజర్ తెరుచుకుంటుంది కాని నాలుగైదు ట్యాబులకే కుంటుతుంది. 4 జీబీ పెట్టించండి. 32 బిట్ విండోస్ అందులో మూడు జీబీ పైచిలుకే వాడుకుంటుంది, అయినా తేడా బాగానే తెలుస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ర్యామ్ పళ్లు మసకబారి సిస్టమ్ బీప్ కొట్టి ఊరుకోవడం మామూలే. కరెంటు తీసేసి, ఆ పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ కూర్చోబెడితే చాలాసార్లు సరిపోతుంది.

నాలుగోది తేదీ. రోజుల తరబడి కరెంటు లేకపోయి వచ్చాక సిస్టమ్ తేదీ 2009కో 2010కో వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టు. అది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, తేదీ తప్పుగా ఉంటే ఏ సురక్షిత వెబ్‌సైటూ తెరుచుకోదు. వెబ్‌సైటు సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదని బ్రౌజర్ అనుకుంటుంది. బ్రౌజర్ పాడైందని తీసేసి మళ్లీ ఎక్కించే ముందు గడియారం చూడండి. బ్యాటరీ వాచీ కొట్లో కూడా దొరుకుతుంది.

ఆ తర్వాత బ్యాకప్. కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ తెరిస్తే ఎడమ పక్కన క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్ అని ఉంటుంది, మొత్తం సిస్టమ్‌కి నకలు తీసేది అదే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసిన బయటి హార్డ్ డిస్క్ కావాలి, పెన్‌డ్రైవ్ మీదికి అది తీసుకోదు. అక్కడే సిస్టమ్ రిపేర్ డిస్క్ కూడా ఒకటి ఖాళీ సీడీ మీద రాసి పెట్టుకోండి, ఇమేజ్‌ని వెనక్కి ఎక్కించాల్సి వచ్చినప్పుడు బూట్ అయ్యేది దానితోనే. విండోస్‌ని అసలు లైసెన్సుతో కాకుండా, లైసెన్సు ఉన్నట్టు నమ్మించే ఏదో లోడర్‌తో యాక్టివేట్ చేసిన సిస్టమ్ అయితే ఈ మెట్టు అస్సలు దాటేయకండి. అలాంటి చోట బూట్ ఫైళ్లు మారిపోయి ఉంటాయి. అప్‌డేట్లు ఆ ఫైళ్లని తాకితే సిస్టమ్ మళ్లీ లేవకపోవచ్చు. ఇమేజ్ ఉన్న డిస్క్‌ని షాపులో కాకుండా ఇంట్లో పెట్టండి, వరద నీళ్లొచ్చే వీధుల్లోనైతే మరీను.

అప్‌డేట్లు, వరస తప్పకుండా

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ఫైళ్లివి, వరస తప్పితే ఎక్కవు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే వెబ్‌సైటులో కేబీ నంబరు కొట్టి వెతికితే దొరుకుతాయి. మీ పాత సిస్టమ్‌లో ఆ పేజీ సరిగ్గా తెరుచుకోకపోతే వేరే సిస్టమ్‌లో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయకుండా తెరవొద్దు.

ఎక్కించే ముందు స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి, ఆ జాబితాలో విండోస్ అప్‌డేట్‌ని స్టాప్ చేయండి. లేకపోతే అప్‌డేట్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేశాక ఈ కంప్యూటర్‌లో అప్‌డేట్ల కోసం వెతుకుతున్నాను అని చెబుతూ గంటలు గంటలు కూర్చుంటుంది. ఒక్కో ఫైలుకి ముందూ ఆ సర్వీసు ఆగి ఉందో లేదో చూసుకోవాలి, రీస్టార్ట్ అయ్యాక అది మళ్లీ మొదలవుతుంది.

1. కేబీ 3020369. అప్‌డేట్లని ఎక్కించే యంత్రాంగానికే ఇది అప్‌డేట్. ఇది లేనిదే తర్వాతిది ఎక్కదు.

2. కేబీ 3125574. సర్వీస్ ప్యాక్ 1 నుంచి 2016 ఏప్రిల్ దాకా వచ్చిన అప్‌డేట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క మూటలో ఉన్నాయి. 64 బిట్‌ది దాదాపు 480 ఎంబీ, 32 బిట్‌ది దాదాపు 320 ఎంబీ. పాత హార్డ్ డిస్క్ మీద చాలాసేపు పడుతుంది. కాన్ఫిగరింగ్ అని తెర మీద ఉండగా కరెంటు పోతే విండోస్ సగంలో చెడుతుంది. యూపీఎస్ బ్యాటరీ నిలబడుతోందో లేదో ముందు చూసుకుని, కోతలు లేని వేళ పెట్టుకోండి.

3. కేబీ 4490628, దాని వెంటనే కేబీ 4474419. ఈ జంటే అన్నిటికన్నా ముఖ్యం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ ఫైళ్ల మీద వేసే డిజిటల్ సంతకం పాత షా 1 పద్ధతి నుంచి షా 2 కి మారింది. ఆ సంతకాన్ని విండోస్ 7 అన్నిచోట్లా చదివేది ఈ అప్‌డేట్‌తోనే. ఇవి లేకపోతే డ్రైవర్ల దగ్గర సంతకం పరీక్షించలేకపోయాం అన్న మెసేజ్ వస్తుంది, 2019 తర్వాతి అప్‌డేట్లు ఎక్కవు.

4. కేబీ 3063858. ప్రోగ్రాములు డీఎల్‌ఎల్ ఫైళ్లని, అంటే తాము పంచుకుని వాడుకునే తోడు ఫైళ్లని, వెతికే తీరు దీనితో మారుతుంది. పాత వ్యాసాల్లో దీని బదులు కేబీ 2533623 అని ఉంటుంది, దాని స్థానంలో వచ్చింది ఇదే.

5. కేబీ 2670838. బొమ్మలు గీసే భాగానికి విండోస్ 8 నుంచి తెచ్చిన మెరుగులు. ముందు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని దొరికినంతలో కొత్తది వేసుకున్నాకే దీన్ని ఎక్కించండి. రెండు గ్రాఫిక్స్ చిప్పుల మధ్య మారే కొన్ని పాత ల్యాప్‌టాపుల్లో ఇది నీలి తెర తెప్పించింది. అలా వస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేయొచ్చు.

6. కేబీ 4012212. 2017 మేలో వన్నాక్రై వైరస్ లోపలికి దూరిన కన్నాన్ని మూసేది ఇదే. కొత్త సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు కాని, నెట్‌కి తగిలించబోతున్న సిస్టమ్‌కి ఇది లేకపోతే ఎలా?

ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కి వర్తించదు అని వస్తే కంగారు వద్దు. మూడే కారణాలుంటాయి: 32 బిట్‌కీ 64 బిట్‌కీ తారుమారు చేశారు, లేదా అది ఇప్పటికే మరో అప్‌డేట్‌లో వచ్చేసింది, లేదా దానికి ముందు వేయాల్సినది వేయలేదు. ఎక్కించిన వాటి జాబితా కంట్రోల్ ప్యానెల్‌లో వ్యూ ఇన్‌స్టాల్డ్ అప్‌డేట్స్ దగ్గర ఉంటుంది.

ప్రోగ్రాములు అడిగే తోడు ఫైళ్లు

కేబీ 2999226 వేయండి, కొత్త ప్రోగ్రాములు అడిగే సీ భాష తోడు ఫైళ్లు ఇందులో ఉంటాయి. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2015–2022 ప్యాకేజీ. మీది 64 బిట్ విండోస్ అయినా దీన్ని ఎక్స్86, ఎక్స్64 రెండూ వేయాలి, ఎందుకంటే 32 బిట్ ప్రోగ్రాములు తమదే అడుగుతాయి. తర్వాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8. విండోస్ 7కి ఇదే చివరిది, 4.8.1 దీని మీద ఎక్కదు. నెట్ లేని సిస్టమ్‌లో 4.8 వేస్తుంటే సర్టిఫికెట్ గొలుసు నమ్మదగిన మూలం దాకా చేరలేదు అన్న అర్థం వచ్చే మెసేజ్‌తో ఆగుతుంది. మైక్రోసాఫ్ట్ రూట్ సర్టిఫికెట్ 2011ని వాళ్ల వెబ్‌సైటు నుంచే దింపి, లోకల్ మెషీన్ కింద ట్రస్టెడ్ రూట్ అథారిటీస్‌లో వేస్తే సాగుతుంది. గ్రాఫిక్స్‌కి వాడే డీ3డీ కంపైలర్ లేదని అడ్డుకుంటే కేబీ 4019990 వేయాలి.

బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటున్నా మెయిల్ ప్రోగ్రామో అకౌంట్ల ప్రోగ్రామో సర్వర్‌కి కలవట్లేదంటే అది టీఎల్ఎస్ 1.2 సమస్య, అంటే సర్వర్‌తో మాటల్ని గుప్తంగా ఉంచే పద్ధతి దగ్గరి చిక్కు. బ్రౌజర్లు తమ ఎన్‌క్రిప్షన్ తామే తెచ్చుకుంటాయి, చాలా ప్రోగ్రాములు విండోస్‌ని అడుగుతాయి. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబు కిందికి వెళ్లి టీఎల్ఎస్ 1.2 దగ్గర టిక్ పెట్టండి, ఎస్ఎస్ఎల్ 3.0 దగ్గర తీసేయండి. ఆపైన కేబీ 3140245 వేయాలి. అది ఒక్కటీ వేస్తే చాలదు, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో కూడా మార్పు కావాలి. ఆ మార్పు చేసే ఈజీ ఫిక్స్ ఫైలు గురించి మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్ వివరాల పేజీలోనే చెప్పింది.

ఏ వెర్షన్ దింపాలి

కొత్తది కావాలంటే అన్నిటికన్నా కొత్తదే కావాలనుకోవడం దగ్గర చాలా సమయం పోతుంది. మీ విండోస్ మీద నడిచే చివరి వెర్షన్ ఏదో అది చాలు.

బ్రౌజర్ సంగతి ముందు. క్రోమ్ 109తో ఆగిపోయింది, అది 2023 జనవరి నాటిది. ఇవాళ దానితో తిరగడం మంచిది కాదు. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేసుకోండి, ఈఎస్ఆర్ అంటే సవరణలు ఎక్కువకాలం వచ్చే రకం. విండోస్ 7కి దాని భద్రతా సవరణల గడువుని మొజిల్లా పొడిగిస్తూ వచ్చింది. 32 బిట్‌కీ దొరుకుతుంది. క్రోమ్ లాంటిదే కావాలనే వెబ్‌సైట్లకి సూపర్‌మియం ఉంది, క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం కోడ్‌నే పాత విండోస్‌కి సర్ది ఇస్తున్నారు. రెండూ పెట్టుకుంటే ఒకదానిలో తెరుచుకోనిది రెండోదానిలో తెరుచుకుంటుంది. వాట్సాప్ డెస్క్‌టాప్ యాప్ కోసం కష్టపడొద్దు, బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్ చాలు.

లిబ్రే ఆఫీస్‌లో 25.2 చివరిది, 25.8 నుంచి విండోస్ 7ని వదిలేశారు. బొమ్మలు దిద్దే గింప్ అయితే 2.10.38. మూడో తరం గింప్‌కి విండోస్ 10 కావాలి. ఇలాగే తెర రికార్డు చేసే ఓబీఎస్ 27.2.4, బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ 3.22, పైథాన్ భాష 3.8. వీఎల్‌సీ 3, సెవెన్ జిప్ మామూలుగానే నడుస్తాయి. వీటిలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఉంటే ఆపేయండి, లేకపోతే తనంతట తాను పైకి వెళ్లి ఒక ఉదయం తెరుచుకోకుండా కూర్చుంటుంది. ఫైర్‌ఫాక్స్‌కి మాత్రం ఆపొద్దు, దానికి వచ్చేవి భద్రతా సవరణలే.

మెసేజ్‌ని చదవడం

సాఫ్ట్‌వేర్ ఎందుకు ఆగిందో దాని మెసేజే చెబుతుంది. ఓకే నొక్కేసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

ఇది సరైన విన్32 అప్లికేషన్ కాదు అని వస్తే చాలావరకు 64 బిట్ ఫైలుని 32 బిట్ విండోస్ మీద తెరిచారు. ఎక్స్86 ఫైలు వెతకండి. డౌన్‌లోడ్ సగంలో తెగినా ఇదే మెసేజ్ వస్తుంది, సైజు సరిచూడండి.

ఏపీఐ ఎంఎస్ విన్ సీఆర్‌టీ అని మొదలయ్యే డీఎల్‌ఎల్ లేదంటే కేబీ 2999226 ఎక్కలేదు. వీసీ రన్‌టైమ్ 140 లేదంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీ లేదు. ఆ పేరు చివర అండర్‌స్కోర్ 1 ఉంటే ప్యాకేజీ ఉంది కాని పాతది, 2015–2022ది వేయాలి. ఏపీఐ ఎంఎస్ విన్ కోర్ పాత్ లేదంటే మాత్రం అది ఏ అప్‌డేట్‌లోనూ రాదు, విండోస్ 8తో పుట్టింది. పైథాన్ 3.9, దాని పైవాటితో తయారైన ప్రోగ్రాములు ఇక్కడే ఆగుతాయి. ఇలాంటప్పుడు డీఎల్‌ఎల్ ఫైలు విడిగా ఇస్తామనే వెబ్‌సైట్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి తెచ్చి సిస్టమ్32లో పడేయడం వైరస్‌ని పిలిచి పీట వేయడమే.

కెర్నెల్32లో ప్రొసీజర్ ఎంట్రీ పాయింట్ దొరకలేదు అంటే, ఆ ప్రోగ్రామ్ విండోస్ 8 లేదా 10లో మాత్రమే ఉన్న ఒక పనిని అడిగింది. పాత వెర్షన్ దింపండి, లేదా తర్వాత చెప్పే వీఎక్స్‌కెక్స్ చూడండి. గో 1.21, రస్ట్ 1.78 నుంచి ఆ భాషలు విండోస్ 7ని వదిలేశాయి. అందుకే వాటితో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా హఠాత్తుగా ఆగిపోయాయి. వెబ్ పేజీల పద్ధతిలో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్‌లో విండోస్ 7కి వెర్షన్ 22 హద్దు.

మెసేజ్ ఏదీ లేకుండా నల్ల కిటికీ మాత్రం వస్తే గ్రాఫిక్స్ సమస్య. ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేయండి.

తెలుగు డబ్బాలుగా కనిపిస్తే సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. విండోస్ 7లో గౌతమి, వాణి ఫాంట్లున్నాయి కాని, విండోస్ 8తో వచ్చిన నిర్మల లేదు. నోటో సాన్స్ తెలుగు దింపి ఫాంట్ల ఫోల్డర్‌లో వేస్తే చాలావరకు సరిపోతుంది. రూపాయి గుర్తు కనిపించకపోతే కేబీ 2496898.

వీఎక్స్‌కెక్స్

పై వెర్షన్ తప్ప వేరే దారి లేదన్నప్పుడే దీని దగ్గరికి రండి. విండోస్ 7లో లేని కొత్త పనులని ప్రోగ్రామ్‌కి తానే అందించే పొర ఇది. అప్‌డేట్లు వేయకుండా నేరుగా దీన్ని ఎక్కించి పనిచేయలేదనడం ఆలూ లేదు చూలూ లేదు సామెతే. సర్వీస్ ప్యాక్ 1, కేబీ 3063858, కేబీ 2670838 ముందే ఉండాలి. గిట్‌హబ్‌లో దాని ప్రాజెక్ట్ పేజీ నుంచి మాత్రమే దింపండి. మొదటి ప్రాజెక్ట్ నెమ్మదించాక వీఎక్స్‌కెక్స్ నెక్స్ట్ పేరుతో కొనసాగింపు వచ్చింది. యాంటీవైరస్ దీన్ని అనుమానించవచ్చు, ఇది చేసే పని అలాంటిది మరి.

ఎక్కించాక, మీకు కావలసిన ప్రోగ్రామ్ సెటప్ ఫైలుని రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూస్తే వీఎక్స్‌కెక్స్ ట్యాబు ఉంటుంది. అక్కడ ఎనేబుల్ టిక్ పెట్టండి. విండోస్ 10 కావాలని సెటప్ మొండికేస్తే, అదే ట్యాబులో విండోస్ వెర్షన్‌ని వేరేగా చూపించే గడిలో విండోస్ 10 ఎంచుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక పని అయిపోయిందనుకుంటారు కాని, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి అసలు ప్రోగ్రామ్ ఫైలుకి కూడా మళ్లీ టిక్ పెట్టాలి. చాలామందికి ఆగేది ఇక్కడే. సిస్టమ్ ఫైళ్లకీ, పేజీమేకర్ లాంటి పాత ప్రోగ్రాములకీ టిక్ పెట్టొద్దు.

డ్రైవర్లు, యాంటీవైరస్‌లు, మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు దీనితో నడవవు. కొత్త ప్రింటర్ కొనే ముందు దాని పెట్టె మీద విండోస్ 7 పేరుందో లేదో చూడండి, డ్రైవర్ లేని ప్రింటర్‌కి ఏ కిటుకూ లేదు.

ఏం చేయకూడదు

ఇంత చేసినా కన్నాలన్నీ మూసుకోవు. బ్యాంకు పనులు, ఆధార్‌తో లాగిన్ అయ్యే పనులు ఈ సిస్టమ్‌లో వద్దు, ఫోన్‌లో చేసుకోండి. రోజువారీ పనికి స్టాండర్డ్ యూజర్ అకౌంట్ ఒకటి చేసుకుని, అడ్మినిస్ట్రేటర్‌ని ఎక్కించే పనులకే ఉంచండి. కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో రిమోట్ సెట్టింగ్స్‌కి వెళ్లి రిమోట్ డెస్క్‌టాప్ ఆపేయండి. కాటా సిస్టమ్‌కి నెట్టే అవసరం లేకపోతే కేబుల్ పీకేయడం ఏ అప్‌డేట్ కన్నా మేలు.

ఇవేవీ కుదరని సాఫ్ట్‌వేర్ ఒక్కటే మిగిలితే, పక్కనే లినక్స్, అంటే ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్, వేసుకోవడం చవక దారి. 64 బిట్ ప్రాసెసర్ అయితే లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ, 32 బిట్ అయితే మింట్‌లో దానికి వచ్చిన చివరిది ఎల్ఎండీఈ 6. రూఫస్ 3.22తో పెన్‌డ్రైవ్ మీద రాసి, ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్‌గా ఒకటి రెండు రోజులు వాడి చూడండి. సిస్టమ్‌ని తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి ఎంచుకుంటే సరి, పేజీమేకర్ తన చోట తానుంటుంది.

పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెడదామనుకుంటే ఒక్క జాగ్రత్త. బయోస్‌లో, అంటే ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు తెరిచే సెట్టింగ్స్‌లో, డిస్క్‌తో మాట్లాడే పద్ధతి పాత ఐడీఈ అని ఉంటే ఎస్ఎస్‌డీకి అది కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐ కావడం మంచిది. కాని బయోస్‌లో ముందు మార్చేసి ఆన్ చేస్తే నీలి తెర వస్తుంది. ముందు విండోస్‌లోనే రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, సర్వీసెస్ కింద ఎంఎస్ ఏహెచ్‌సీఐ అనే కీలో స్టార్ట్ విలువని 0 చేయాలి. తర్వాత షట్‌డౌన్ చేసి, బయోస్‌లో మార్చి ఆన్ చేస్తే విండోస్ తానే డ్రైవర్ వేసుకుని ఒకసారి రీస్టార్ట్ అడుగుతుంది. ఇప్పటికే మార్చేసి నీలి తెర చూస్తున్నవాళ్లు బయోస్‌లో మళ్లీ ఐడీఈ పెడితే సిస్టమ్ లేస్తుంది, అప్పుడు ఈ వరసలో చేసుకోవచ్చు.